తలకొక మీటరు

మా సంస్థ పని నీళ్ళు ఇవ్వడం కాదు. ఇచ్చేవాళ్ళు వేరే ఉన్నారు. వచ్చిన నీళ్ళని కొలవడం మా పని. పల్నాడులో, ఎండలకి పేరుపడ్డ మా ఊళ్ళో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. ఆ లెక్కన మాకూ రోజు విడిచి రోజే పని ఉండాలి. కానీ మాది ప్రభుత్వ సంస్థ కనుక రోజూ ఆఫీసుకి వెళ్తాం.

నీళ్ళు రాని రోజున కూడా ఇళ్ళలో మీటర్లు తిరుగుతాయి. గొట్టంలో గాలి తోసుకొచ్చి ముల్లుని తిప్పుతుంది. ఈ సంగతి ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. "సూపర్నెంటు గారూ, బొట్టు నీళ్ళు రాలా, మీటరు మాత్రం గిర్రున తిరిగింది. ఏందండీ ఈ అన్యాయం?" అని జనం నా బల్ల ముందు నిలబడితే నేను సంస్థ తరఫున చెప్పవలసిన సమాధానం ఒకటే: "మీటరు తిరిగిందంటే నీళ్ళు వచ్చినట్టే." అది చెప్పి, వచ్చినవాళ్ళకి ఒక గ్లాసు మంచినీళ్ళు ఇప్పిస్తాను. ఆ నీళ్ళు ఏ మీటరుకీ ఎక్కవు.

ఆ ఏడు ఏప్రిల్లో మా ప్రాంతీయ డైరెక్టరు పరాంకుశం గారు "ఉద్యోగుల మానసిక వికాసం" మీద శిక్షణ పొందడానికి చల్లటి కొండ ప్రాంతానికి వెళ్ళి, ఒక శాలువాతో, ఒక కాగితంతో తిరిగొచ్చారు. శాలువా మా ఊరి ఎండకి పనికిరాదు కనుక బీరువాలో పెట్టారు. కాగితం మా మీద పెట్టారు.

ఆ కాగితం నేను పూర్తిగా చదివాను. ఎక్కడో ఎవరో పరిశోధకులు నిస్పృహతో బాధపడే కొందరు ఆడవాళ్ళకి, డాక్టర్ల పర్యవేక్షణలో విటమిన్ డి ఇచ్చి, మెదడు పనిచేసే తీరులో మార్పేమైనా వస్తుందా అని చూశారట. కొంత కనిపించినట్టే ఉందని ముందువైపు రాసి ఉంది. అయితే దీన్నిబట్టి తొందరపడి ఏ నిర్ణయానికీ రాకూడదనీ, తెలుసుకోవలసింది ఇంకా చాలా ఉందనీ వెనకవైపు రాసి ఉంది. డైరెక్టరు గారు ముందువైపు చదివారు.

మర్నాడే సమావేశం పెట్టారు. "మహిళా సిబ్బందియందు నెలకొనియున్న విచారాన్ని గుర్తించి, వర్గీకరించి, నిర్ణీత కాలవ్యవధిలో నిర్మూలించుటకు ఈ కార్యాలయం కృతనిశ్చయంతో ఉన్నది," అని మొదలుపెట్టి, "ఎవరికి విచారం ఉన్నదో సిగ్గుపడక చేతులెత్తవలసింది. గోప్యత పాటించబడుతుంది," అని మైకులో చెప్పారు.

మా ఆఫీసులో ఆడవాళ్ళు పదకొండు మంది. ఎవరూ చెయ్యెత్తలేదు. సీనియర్ అసిస్టెంటు కోటేశ్వరమ్మ నా వెనక కూర్చుని, "మా ఆయన రిటైరై ఇంట్లో కూచున్నాడు, నాకదే విచారం. అది వీళ్ళ లెక్కలోకి వచ్చుద్దంటారా?" అని గుసగుసలాడింది.

అప్పుడు వకుళ లేచింది.

వకుళ జూనియర్ అసిస్టెంటు. ఏడాది కిందట చేరింది. ఇంకా ప్రొబేషన్ పూర్తి కాలేదు. నెమ్మదైన పిల్ల. పని శుభ్రంగా చేసేది. బుధవారం బుధవారం పన్ను నొప్పని సెలవు పెట్టి గుంటూరు వెళ్ళేది. అన్ని బుధవారాలకి ఆ అమ్మాయి నోట్లో ఒక్క పన్ను కూడా మిగిలి ఉండకూడదని ఆఫీసులో అందరికీ అర్థమైంది గాని, అడగకూడదని కూడా అర్థమైంది.

"సార్, నాకు డిప్రెషన్ ఉందండి," అంది వకుళ. "గుంటూరులో డాక్టరమ్మ గారికి చూపించుకుంటున్నాను. రక్తపరీక్షలో విటమిన్ డి కూడా తక్కువుందని తేలితే అదీ ఇస్తున్నారు. వేరే మాత్రలు కూడా ఉన్నాయి. పన్ను నొప్పి అని అబద్ధం చెప్పాను. ఏమీ అనుకోకండి."

డైరెక్టరు గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మేమంతా కొట్టాం. "ఇటువంటి సిబ్బందే ఈ సంస్థకి కావలసింది!" అన్నారాయన. వకుళ కూర్చున్నాక అటెండరు మస్తాన్‌బీ తన కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్ళి, ఏమీ మాట్లాడకుండా ఆ పిల్ల పక్కన వేసుకుని కూర్చుంది. ఆ పథకం పేరుతో ఆ రోజు వరకు జరిగిన వైద్యం అదొక్కటే.

మూడో రోజుకి సర్క్యులర్ వచ్చింది. విటమిన్ డి మాత్రలు కొనాలంటే టెండరు పిలవాలి, కొటేషన్లు తెప్పించాలి, కమిటీ వెయ్యాలి. ఎండలో అదే విటమిన్ ఉచితంగా లభిస్తున్నది. పైగా సూర్యుడు ఏకైక సరఫరాదారు కనుక టెండరు అవసరం లేదు. కావున మహిళా సిబ్బంది ప్రతి పనిదినం పదకొండు నుంచి పన్నెండు వరకు కార్యాలయం డాబాపై ఎండ హాజరు వేయించుకోవలెను. గొడుగులు, చున్నీలు, తలపై కప్పుకొను కొంగులు అక్రమ నీడగా పరిగణించబడును. మా సంస్థలో అక్రమ కనెక్షన్ల మీద దాడులు చేసే బృందం ఒకటి ఉంది. అక్రమ నీడ మీద దాడుల బాధ్యత కూడా దానికే ఇచ్చారు.

మగ సిబ్బందికి మినహాయింపు దొరికింది. పరిశోధన ఆడవారిపైనే జరిగినందున మగవారి విచారం ఈ పథకం పరిధిలోకి రాదట. మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది. నా విచారానికి ఒక పరిధి అంటూ ఉందని అప్పటిదాకా తెలియదు. దాన్ని బయటే వదిలేసినందుకు సంస్థకి మనసులోనే నమస్కారం పెట్టుకున్నాను.

సర్క్యులర్ చివర ఇలా ఉంది: "విచారమునకు కార్యాలయంలోనే చికిత్స అందించబడుచున్నందున, అదే విచారం నిమిత్తం ఇతర చోట్లకు వెళ్ళుటకు సెలవులు మంజూరు చేయబడవు. ఒకే విచారమునకు రెండు చోట్ల చికిత్స పొందుట వనరుల దుర్వినియోగం."

వకుళ ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, పన్ను నొప్పి అనే చెప్పి ఉంటే సరిపోయేది."

"నిజమేనమ్మా. పళ్ళ విషయంలో మన సంస్థకి ఇంకా ఏ విధానమూ లేదు."

"ఇప్పుడే మందు మారుస్తున్నారు సార్. కొంచెం కొంచెం పెంచుకుంటూ చూడాలట. ఈ రెండు నెలలూ ఒక్క వారం కూడా మానొద్దన్నారు డాక్టరమ్మ గారు. ఆవిడ బుధవారమే చూస్తారు. చెప్పకుండా వెళ్తే..."

చెప్పకుండా వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. ప్రొబేషన్లో ఉన్నవాళ్ళు అనుమతి లేకుండా ఒక్క రోజు మానినా వేటు వేసే అధికారం డైరెక్టరు గారికి ఉంది. ఆయన వాడని అధికారమంటూ లేదు. ఉద్యోగం పోతే ఆ పిల్లకి వైద్యమూ పోతుంది, వైద్యం పోతే ఉద్యోగం నిలవదు. "చూద్దాంలేమ్మా," అన్నాను. ఇరవై ఏళ్ళ సర్వీసు చేసినవాళ్ళకి సులువుగా వచ్చే మాట అది.

ఎండ హాజరు మొదలైంది.

మొదటి రోజు ఆడవాళ్ళు డాబా మీద వరసగా నిలబడ్డారు. కాళ్ళు కాలి, ఒక్కొక్కరు ఒక్కో కాలి మీద. రెండో రోజు చెప్పులకి అనుమతి వచ్చింది. మూడో రోజు కోటేశ్వరమ్మ ఒక పెద్ద గిన్నె, ఒక పాత చీర మోసుకొచ్చింది.

"ఏంటండీ అది?" అన్నాను.

"వడియాల పిండి. గంటసేపు ఊరికే నిలబడితే నా మెదడు మాడుద్ది గాని తెలివి వచ్చుద్దా? చీర పరిచి నాలుగు వడియాలన్నా పెట్టుకుంటా."

వారం తిరిగేసరికి డాబా అంతా చీరలు. సగ్గుబియ్యం వడియాలు, గుమ్మడి వడియాలు, ఊరమిరపకాయలు, మామిడి ఒరుగులు. మస్తాన్‌బీ ఒక మూల చేపలు కూడా ఎండబెట్టబోయింది గాని, "బీబీ, నా వడియాలకి ఆ వాసన పట్టిందా, నీతో మాటల్లేవు," అని కోటేశ్వరమ్మ అడ్డుపడింది. "ఎండ నీ అబ్బ సొమ్మా?" అంది మస్తాన్‌బీ. చివరికి గాలి వాలు చూసి రాజీపడ్డారు. ఆ సాయంత్రం నా బల్ల మీద ఎవరో ఒక పొట్లం పెట్టి వెళ్ళారు. ఇంటికెళ్ళి నాలుగు వడియాలు వేయించుకున్నాను. పప్పన్నంలోకి వడియం నంజుకుని ఎన్నాళ్ళయిందో.

డైరెక్టరు గారు తనిఖీకి డాబా ఎక్కినప్పుడు నేను వెనకే గొడుగు పట్టుకుని ఉన్నాను. అధికార గొడుగు అక్రమ నీడ కిందికి రాదు.

"ఇవేమిటి?" అన్నారు చీరల వైపు చూసి.

అందరూ బిగుసుకుపోయారు. కోటేశ్వరమ్మ మాత్రం తడుముకోలేదు. "నమూనాలండి. మా మీద ఎండ పడతందో లేదో మాకెట్టా తెలుసుద్దండి? వడియం ఎండితే పడినట్టు."

డైరెక్టరు గారి ముఖం వెలిగిపోయింది. "చూశారా సూపరింటెండెంటు గారూ! క్షేత్రస్థాయిలో ఎంతటి శాస్త్రీయ దృక్పథం! నోటు పెట్టండి. ప్రతి ఉద్యోగిని పక్కనా విధిగా ఒక ప్రామాణిక వడియం ఉండవలెను."

అయితే వడియం ఎండినట్టు తెలిసింది గాని, ఉద్యోగిని ఎంత ఎండిందో తెలియడం లేదని ఆయనకి తర్వాత తట్టింది. బజార్లో రంగుల దుకాణం నుంచి గోడరంగుల కార్డు ఒకటి తెప్పించారు. లేత గోధుమ నుంచి ముదురు కాఫీ దాకా వరసగా గడులు. సోమవారం సోమవారం ఆడవాళ్ళ ముంజేతుల పక్కన ఆ కార్డు పెట్టి, ఎవరు ఎన్ని గడులు దిగారో చూడాలి. దిగనివాళ్ళకి మెమో.

టైపు సెక్షన్లో ఉండే అమ్మాయికి మెమో వచ్చింది. ఆ పిల్ల దాన్ని చేత్తో పట్టుకుని కాసేపు చూసి, "నల్లగా ఉన్నానని మూడు సంబంధాలు తప్పిపోయాయండి. ఇప్పుడు నల్లగా లేనని మెమో," అంది. డాబా మీద ఆడవాళ్ళందరూ కడుపుబ్బ నవ్వారు. వకుళ కూడా పెదవి కదిపింది. ఈ నవ్వుకి కారణం విటమిన్ డి అని డైరెక్టరు గారు పై ఆఫీసుకి రాశారు.

మే నెల మొదటి వారంలో ఇద్దరు కళ్ళు తిరిగి పడిపోయారు. వాళ్ళకి మజ్జిగ తాగించి నీడలో పడుకోబెడితే, తేరుకున్నాక ఒకామె "అమ్మయ్య, ప్రాణం హాయిగా ఉంది" అంది. ఆ ఒక్క వాక్యాన్ని మాత్రమే తీసుకుని డైరెక్టరు గారు విజయ నివేదిక తయారుచేశారు. పై ఆఫీసు మెచ్చుకుంది. మెచ్చుకుని, పరిశోధనలో మెదడు పనితీరు కొలిచారు కదా, మీరు కొలిచారా అని అడిగింది.

కొలవడమన్న మాట వినగానే మా సంస్థకి నెత్తురు ఉడుకుతుంది. కొలవనిది ఏదీ లేనట్టేనని మా నమ్మకం.

వారం రోజుల్లో డాక్టర్ అనంతశయనం గారు సలహాదారుగా వచ్చారు. ఆయన డాక్టరేటు చేపల చెరువుల్లో ప్రాణవాయువు మీద. ఒక స్కూటరు హెల్మెట్టుకి వైర్లు తగిలించి, ఆ వైర్లని మా నీళ్ళ మీటరు లాంటి డబ్బాకి కలిపి, బల్ల మీద పెట్టారు. తలలో ఆలోచనలు ఎక్కువైతే ముల్లు తిరుగుతుందట. పరిశోధనలో విటమిన్ డి వల్ల మెదడులో కదలిక కనిపించింది. కదలిక కనిపిస్తే నిస్పృహ తగ్గినట్టు. అందుచేత కదలిక ఎంత ఎక్కువైతే సంతోషం అంత ఎక్కువ. ఇంత సూటిగా చెప్పేసరికి మాకందరికీ అర్థమైపోయింది.

మొదట కోటేశ్వరమ్మ హెల్మెట్టు పెట్టుకుని కూర్చుంది. గదిలో ఫ్యాను ఉంది, కింద మెత్తటి కుర్చీ ఉంది, ఇంట్లో లాగా మొగుడు లేడు. ఆమె ప్రాణం కుదుటపడి కళ్ళు మూసుకుంది. ముల్లు కదల్లేదు.

"తీవ్రమైన విచారం," అన్నారు అనంతశయనం గారు.

"ఎవరికి?" అంది కోటేశ్వరమ్మ ఉలిక్కిపడి లేచి.

మెదడు నిశ్చలముగా ఉండుటకు సంజాయిషీ కోరుతూ ఆమెకి మెమో ఇచ్చారు. మస్తాన్‌బీ కూర్చున్నప్పుడు మొదట ముల్లు ఊరుకుంది. ఇంటి అద్దె గుర్తొచ్చి కాస్త కదిలింది. "పురోగతి ఉంది," అన్నారాయన.

చివర వకుళ.

హెల్మెట్టు తల మీద పెట్టగానే ముల్లు గిర్రున తిరిగింది. ఆగలేదు. ఆ పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. కళ్ళ కింద నలుపు మాత్రం రంగుల కార్డులో ఆఖరి గడి దాటిపోయింది. డబ్బా లోంచి టకటకమని చప్పుడు.

"అద్భుతం!" అన్నారు డైరెక్టరు గారు. "బ్రహ్మానందం!"

నేను ఉండబట్టలేకపోయాను. "సార్, గాలికి కూడా తిరుగుతుందేమో."

డైరెక్టరు గారు నా వైపు తిరిగారు. "సూపరింటెండెంటు గారూ. మీరు ఇన్నేళ్ళ సర్వీసులో ప్రజలకి ఏం చెబుతూ వచ్చారు?"

"మీటరు తిరిగిందంటే నీళ్ళు వచ్చినట్టే అని సార్."

"మరి?"

"సంతోషం వచ్చినట్టే సార్."

ఆ రోజే ఉత్తర్వులు వెలువడ్డాయి. వకుళని ఈ సంస్థ సంతోషానికి మాస్టరు మీటరుగా ప్రకటించారు. మిగతా ఆడవాళ్ళ రీడింగులన్నీ ఆమె రీడింగుతో పోల్చి, తక్కువైనవాళ్ళని ఆ స్థాయికి తేవాలి. అందుకు ఎండ హాజరు రెండు గంటలకి పెంచారు. వకుళ ఫొటో తీసి పోస్టర్లు వేయించారు. "నవ్వమ్మా," అంటే నవ్వింది. వెనక సూర్యుడి బొమ్మ గీయించారు. పక్క జిల్లాల ఆఫీసులకి కూడా ఇదే పద్ధతి పాకించడానికి పై ఆఫీసు ఆలోచిస్తోందనీ, డైరెక్టరు గారికి ప్రమోషన్ ఖాయమనీ చెప్పుకున్నారు.

వకుళ బుధవారం సెలవు కోసం మళ్ళీ అర్జీ పెట్టుకుంది. "సంస్థలోకెల్లా సంతోషవంతురాలిని ఆసుపత్రికి పంపుట మీటరుని అవమానించుటే" అని రాసి వెనక్కి పంపారు.

ఆ సాయంత్రం ఆఫీసు ఖాళీ అయ్యాక ఆ అమ్మాయి తన బల్ల దగ్గరే కూర్చుని ఉంది. కోటేశ్వరమ్మ కూడా వెళ్ళలేదు. బ్యాగు భుజానికి తగిలించుకుని నిలబడే ఉంది. నేను టీ తెప్పించాను.

"ఎట్టా ఉందే అమ్మాయ్, నిజం చెప్పు," అంది కోటేశ్వరమ్మ.

"నాలుగు వారాలు తప్పిపోయాయి అక్కా. ఆదివారానికి మాత్రలు అయిపోతాయి. డాక్టరమ్మ గారు చూడకుండా కొత్తవి రాయరు. నిద్ర పట్టదు. తలలో ఒకటే రొద. తెల్లారి లేచి జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవట్లేదు. బస్టాండులో నా పోస్టరు అతికించారు. దాన్ని చూసి మా అమ్మ ఫోన్ చేసింది, నయమైపోయిందా తల్లీ అని. ఏం చెప్పను?"

"రాజీనామా పెడతా అన్నది సార్ ఇందాక," అంది కోటేశ్వరమ్మ నాతో. "చెప్పండి దీనికి."

మా ఆవిడ పోయిన కొత్తలో నాకు కూడా అలాగే ఉండేది. అన్నం ఉడికిందో లేదో తెలిసేది కాదు, తిన్నానో లేదో తెలిసేది కాదు. తలలో ముల్లు మాత్రం తిరుగుతూనే ఉండేది. అప్పట్లో మీటరు పెట్టేవాళ్ళు లేకపోవడం వల్ల బతికిపోయాను.

"రాజీనామా ఎందుకమ్మా," అన్నాను. "నువ్విప్పుడు మామూలు ఉద్యోగివి కాదు. మాస్టరు మీటరువి."

"మీరు కూడా వెక్కిరిస్తున్నారా సార్?"

"వెక్కిరించడం లేదు. మాస్టరు మీటరుకి మన మాన్యువల్లో ఒక అధ్యాయం ఉంది. మనుషులకి లేదు."

మా మాన్యువల్ అంటే డైరెక్టరు గారికి భయభక్తులు. దాన్ని తిరగరాసిన కమిటీలో ఆయన సభ్యులు. దాని ప్రకారం మిగతా మీటర్లన్నీ ఏ మీటరుతో పోల్చి సరిచూస్తామో ఆ మాస్టరు మీటరుకి చాలా మర్యాదలున్నాయి. నేను రాత్రికి రాత్రే రాయలేదు. మర్నాడు పొద్దున్నే, కాఫీ తాగి, తీరిగ్గా నోటు పెట్టాను. డైరెక్టరు గారు దాన్ని పైకి చదివారు.

"మాస్టరు మీటరును వారమునకొకసారి బయటి పరీక్షా కేంద్రమునకు పంపి సరిచూపించవలెను. అలా చేయనిచో దానితో తీసిన రీడింగులు చెల్లవు." ఆయన కళ్ళద్దాలు సవరించుకున్నారు. "ఇది నేను రాసిన వాక్యమే."

"అవును సార్. మీ శైలి తెలిసిపోతోంది."

"కానీ పరీక్షా కేంద్రం ఎక్కడ?"

"గుంటూరులో సార్. ఈ మీటరుని ఇదివరకు చూసిన కేంద్రమే. వాళ్ళు బుధవారం మాత్రమే చూస్తారు."

"జీపు ఎందుకు రాశారు?"

"బస్సు కుదుపులకి ముల్లు చెదురుతుందని మాన్యువల్, సార్. మెత్తటి ఆసనం మీద, బాధ్యతగల ఇద్దరు ఉద్యోగులు తోడుగా తీసుకెళ్ళాలి."

"మరి ఇది? ఎండ హాజరు నుంచి మినహాయింపు అంటున్నారు?"

"మాస్టరు మీటరుని నేరుగా ఎండలో ఉంచరాదు అని ఉంది సార్. అది కూడా మీ కమిటీ రాసిందే."

డైరెక్టరు గారు చాలాసేపు ఆలోచించారు. ఆయన ముఖంలో మనిషికీ మాన్యువల్‌కీ మధ్య పెద్ద యుద్ధం జరిగి, ఎప్పటిలాగే మాన్యువల్ గెలిచింది. సంతకం పెట్టారు. పెట్టి, "పరీక్షా కేంద్రం వారి నుంచి 'సరిగా ఉన్నది' అని ధ్రువపత్రం తెండి," అన్నారు.

బుధవారం జీపులో వకుళ, కోటేశ్వరమ్మ, నేను. డ్రైవరు ముందు అద్దానికి తడి తువ్వాలు కట్టాడు. కిటికీ పక్కన కోటేశ్వరమ్మ తన వడియాల చీర అడ్డం పెట్టింది. అక్రమ నీడ కిందికి వస్తుందేమో అనుకున్నాను గాని ఎవరికీ చెప్పలేదు.

గుంటూరులో డాక్టరమ్మ గారు వకుళని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసుకున్నారు. చాలాసేపయింది. బయట రోగులు గొణుక్కున్నారు. తర్వాత మా ఇద్దర్నీ పిలిచారు. డైరెక్టరు గారి సంతకంతో నేను తెచ్చి ఇచ్చిన ధ్రువపత్రం కాగితం ఆవిడ చేతిలో ఉంది.

"ఇందులో 'పరికరం' అని రాశారు. పరికరం ఎవరండీ?"

"ఈ అమ్మాయేనండీ."

ఆవిడ కళ్ళద్దాలు తీసి నా వైపు చూశారు. కోటేశ్వరమ్మ కల్పించుకుని, డాబా, వడియాలు, రంగుల కార్డు, హెల్మెట్టు అన్నీ వరసబెట్టి చెప్పింది. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు.

"ఎండ మంచిదే," అన్నారు చివరికి. "పొద్దున్నే కాసేపు నడవమనండి. విటమిన్ తక్కువైనవాళ్ళకి ఇవ్వాలి, ఇస్తున్నాను. ఈ అమ్మాయికి అది ఒక చిన్న తోడు. అదే వైద్యం కాదు. మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీద నిలబెట్టమని ఏ పుస్తకంలోనూ లేదు. మీ ఆఫీసులో ఇంకెవరికైనా బాగోకపోతే తీసుకురండి. ముఖ్యంగా ఈ సంతకం పెట్టినాయన్ని."

ధ్రువపత్రం మీద ఏదో రాసి మడిచి ఇచ్చారు. తిరుగు దారిలో వకుళ కోటేశ్వరమ్మ భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. మా ఊరు వచ్చినా కోటేశ్వరమ్మ లేపనివ్వలేదు. డ్రైవరు జీపుని ఆఫీసు చుట్టూ ఇంకో రెండు సార్లు తిప్పాడు.

డైరెక్టరు గారు ధ్రువపత్రం విప్పారు. "సరిగా లేదు. వారం వారం తీసుకురావాలి. తొందరపెట్టకూడదు," అని ఉంది.

"సరిగా లేదా!" ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయారు. "మాస్టరు మీటరే సరిగా లేకపోతే... దానితో పోల్చిన రీడింగులు?"

"చెల్లవు సార్. మీరు రాసిన వాక్యమే."

"పై ఆఫీసుకి పంపినవి?"

"అవీ చెల్లవు సార్. మాస్టరు మీటరు సరిపడేదాకా దాని మీద ఆధారపడ్డ పనులన్నీ నిలిపివేయాలని కూడా ఉంది."

ఆ సాయంత్రమే ఎండ హాజరు తాత్కాలికంగా నిలిపివేయబడింది. ఆడవాళ్ళు చీరలు మడుచుకుని, ఎండిన వడియాలు డబ్బాల్లోకి ఎత్తుకుని డాబా దిగారు. మస్తాన్‌బీ డాబా తలుపుకి తాళం వేసి, తాళంచెవి నా చేతికిస్తూ, "జాగ్రత్తగా పెట్టు సారూ, పోయినా పరవాలేదు," అంది.

పై ఆఫీసులో మాత్రం ప్రమోషన్ల జాబితా తయారవుతోంది. పథకం మళ్ళీ మొదలైతే గాని డైరెక్టరు గారి పేరు అందులోకి ఎక్కదు. మాస్టరు మీటరు సరిపడితే గాని పథకం మొదలవదు. అందుచేత ఆయన ఉద్యోగ జీవితంలో ఎన్నడూ చేయని పని ఒకటి చేయవలసి వచ్చింది. రోజూ పొద్దున్న ఆఫీసుకి రాగానే వకుళ బల్ల దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడి, "ఎలా ఉన్నారమ్మా?" అని అడగసాగారు.

మొదటి రోజు ఆ పిల్ల కంగారుపడి లేచి నిలబడింది. నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"బాగోలేదండి," అంది.

మా ఆఫీసులో ఎవరైనా ఆ మాట అంటే పై అధికారి విని, సరే అని తల ఊపి వెళ్ళడం నేను చూడటం అదే మొదలు. రెండో రోజూ అడిగారు. "రాత్రి నిద్ర పట్టలేదండి." కిటికీ పక్కనున్న గాలి వచ్చే చోటుకి ఆమె బల్ల మార్పించారు. ఇంకో రోజు, "ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావట్లేదండి." ఆ రోజు ఆమె దగ్గరికి ఎవరూ ఫైళ్ళు పంపకూడదని ఉత్తర్వు ఇచ్చారు. తన ప్రమోషన్ కోసం చేశారా, ఆమె కోసం చేశారా అని నేను ఆరా తీయలేదు. ఎందుకు వచ్చినా గాలి గాలే కదా.

ఇలా బుధవారాలు గడిచాయి. తొలకరి పడింది. ఒక పొద్దున డైరెక్టరు గారు ఎప్పటిలా వచ్చి అడిగారు. వకుళ ఫైలు లోంచి తలెత్తింది. జడ వేసుకుని ఉంది. కాస్త వదులుగా, చివర రిబ్బను ఒక పక్కకి జారి. కాసేపు తనలో తాను చూసుకున్నట్టు ఆగింది.

"ఇవాళ కొంచెం నయంగా ఉందండి."

డైరెక్టరు గారు ఎగిరి గంతేసినంత పని చేశారు. "నయంగా ఉందా! సూపరింటెండెంటు గారూ, విన్నారా? నోటు పెట్టండి! రేపటి నుంచే ఎండ హాజరు..."

గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. కోటేశ్వరమ్మ చేతిలో కలం అలాగే ఉండిపోయింది. గుమ్మంలో మస్తాన్‌బీ టీ గ్లాసుల పళ్ళెంతో నిలబడిపోయింది. వకుళ వాళ్ళందరి వైపూ ఒకసారి చూసింది. డైరెక్టరు గారి వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, ఎంతో విచారంగా చెప్పింది.

"కొంచెమేనండి."